అడగని పాట

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు బీరువా మీది అట్టపెట్టె దింపి, అందులోని క్యాసెట్లను చూసి, పాటల కోసం బజారుకు వెళ్ళేవారా అని మీరు నవ్వారు. ఆనాడు సరిగా జవాబు చెప్పలేకపోయాను కనుక ఇప్పుడు రాస్తున్నాను.

మా నాన్నగారి తరం వారు రికార్డులను ప్లేట్లు అనేవారు. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ పాత ప్లేట్లలో లక్క ఉండడం వల్ల చెయ్యి జారితే పెంకుల్లా పగిలేవి. ఒక్కో వైపు మూడు, మూడున్నర నిమిషాల పాట మాత్రమే పట్టేది. నాకు ఊహ తెలిసేసరికి, వైపుకు ఇరవై నిమిషాలకు పైగా మోగే ఎల్పీ రికార్డులు దుకాణాలకు వచ్చాయి. ఘంటసాల గారి భగవద్గీత కొనడానికి నాన్నగారు నన్ను విజయవాడ బీసెంట్ రోడ్డుకు తీసుకువెళ్ళినప్పుడు, దుకాణదారు రికార్డును అంచులతో మాత్రమే పట్టుకుని, గీతలున్నాయేమోనని వెలుగుకు ఏటవాలుగా తిప్పి చూసి, ఒక శ్లోకం వినిపించిన తరువాతే డబ్బు తీసుకున్నాడు.

నేను కాలేజీలో చేరేనాటికి క్యాసెట్లు వచ్చాయి, వాటితోపాటే రికార్డింగ్ సెంటర్లూ వెలిశాయి. మనకు నచ్చిన పాటల జాబితా కాగితం మీద రాసి, 60 నిమిషాల ఖాళీ క్యాసెట్టుతో సహా ఇస్తే, వారం తిరిగేసరికి పాటలు నింపి ఇచ్చేవారు. వైపుకు అరగంటే కనుక ఏ పాట ఉంచాలో, ఏది కొట్టివేయాలో తేల్చుకోవడానికి రాత్రంతా పట్టేది. మా సెంటరు ఆయనకు ఒక అలవాటు ఉండేది: చివర నాలుగు నిమిషాలు మిగిలితే, ఖాళీగా వదలడం ఇష్టంలేక, తనకు నచ్చిన పాట ఏదో ఒకటి అక్కడ ఎక్కించేవాడు. సినిమా పాటలు తప్ప మరేమీ ఎరుగని నేను బాలమురళీకృష్ణ గారి తత్వాలను మొదట విన్నది అలాగే.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. అలా ఎక్కించిన పాటలకు పాడినవారికి గాని, రికార్డు తీసిన కంపెనీకి గాని దమ్మిడీ అందేది కాదు. కంపెనీ క్యాసెట్లు అమ్మే దుకాణాలకు మొదటి దెబ్బ తగిలింది మా చేతుల మీదుగానే, అయినా అది తప్పని మాలో ఒక్కరికీ తోచలేదు. తరువాత ఎంపీ3 వచ్చి పాట పరిమాణాన్ని దాదాపు పదో వంతుకు కుదించడంతో, పది పదిహేను పాటలు పట్టే సీడీలోనే నూటయాభై వరకు ఇమిడాయి. ఆపైన సెల్‌ఫోన్ దుకాణాల్లో మెమరీ కార్డులకు పాటలు ఎక్కించారు. చివరికి దుకాణంతోనే పని లేకుండా పోయింది. 1940లలో మొదలైన ముంబయి రిథమ్ హౌస్ అంతటి పేరుమోసిన పాటల దుకాణమే 2016లో మూతపడింది. మా సెంటరు ఆయన కూడా రీఛార్జి కూపన్లను ముందు బల్ల మీదికి, క్యాసెట్లను వెనక అరలోకి మార్చాడు. కొన్నాళ్ళకు ఆ అర కూడా తీసేశాడు.

వేసవి సెలవులకు మీరు వచ్చేలోగా టేప్‌రికార్డరుకు బెల్టు మార్పించి ఉంచుతాను. అట్టపెట్టెలో ఆకుపచ్చ అట్ట ఉన్న క్యాసెట్టు ఒకటుంది. దాని రెండో వైపు జాబితాలో పాటలన్నీ నా దస్తూరీలో ఉంటాయి, చివరిది మాత్రం ఆయన దస్తూరీ.

మీ తాతయ్య