యెన్‌చింగ్‌ను ఎలా పంచేశారు?

చిరంజీవులకు ఆశీస్సులు.

బీజింగ్‌లోని పీకింగ్ విశ్వవిద్యాలయం ఫొటో ఎప్పుడైనా చూస్తే, చెరువు గట్టున 13 అంతస్తుల బౌద్ధగోపురం కనిపిస్తుంది. దణ్ణం పెట్టేరు, అది నీళ్ల ట్యాంకు! దాన్ని కట్టించింది పీకింగ్ వాళ్లు కాదు, యెన్‌చింగ్ అనే మిషనరీ విశ్వవిద్యాలయం వాళ్లు. 1952 తర్వాత ఆ విశ్వవిద్యాలయం లేదు.

అది పుట్టింది కూడా విలీనంతోనే. 1919లో మిషన్ కాలేజీలు కలిశాయి, మరుసటి ఏడు మహిళా కాలేజీ చేరింది. చాలాకాలం దాని అధ్యక్షుడు అమెరికన్ మిషనరీ జాన్ లీటన్ స్టూవర్ట్.

1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ దాడి జరగగానే జపాన్ సైన్యం దాన్ని మూసేసింది. అయినా మరుసటి ఏడే నైరుతి చైనాలోని చెంగ్దూలో తెరుచుకుంది, 1945లో బీజింగ్‌కు తిరిగొచ్చింది. తాళం పడింది భవనాలకే. మనుషులూ డబ్బూ పేరూ మిగిలాయి.

రెండోసారి ముందు డబ్బు ఆగింది. కొరియా యుద్ధంలోకి చైనా దిగాక, 1950 డిసెంబరులో అమెరికా తన దగ్గరున్న చైనా ఆస్తుల్ని స్తంభింపజేసింది. యెన్‌చింగ్‌ను పోషించే మిషన్ బోర్డుల (అమెరికా చర్చి సంస్థల) సొమ్ముకు దారి మూసుకుపోయింది. అమెరికా డబ్బుతో నడిచే సంస్థల్ని స్వాధీనం చేసుకోవాలని చైనా కూడా అదే నెలలో తీర్మానించింది. 1951 ఫిబ్రవరికి యెన్‌చింగ్ సర్కారుదైపోయింది. మరుసటి ఏడు అధ్యక్షుడు లూ జివేయ్‌ని సభల్లో నిలబెట్టి దుయ్యబట్టారు.

ఆ తర్వాత జరిగింది ఉమ్మడి కుటుంబంలో ఆస్తి పంపకం లాంటిది. సోవియట్ పద్ధతిలో ఒక్కో సంస్థ ఒక్కో రంగానికే ఉండాలన్నారు. సాహిత్యం, సైన్సు పీకింగ్‌కు, ఇంజనీరింగ్ బీజింగ్‌లోనే ఉన్న చింగ్‌హ్వా విశ్వవిద్యాలయానికి వెళ్లాయి. జర్నలిజం ముందు పీకింగ్‌కు, 1958లో రెన్మిన్ విశ్వవిద్యాలయానికి మారింది. సోషియాలజీకి మాత్రం ఎవరింట్లోనూ చోటు దొరకలేదు. దేశమంతటా ఆ శాఖనే ఎత్తేశారు, 1979లో గానీ మళ్లీ రాలేదు. పంపకంలో నాకు అన్నిటికన్నా దండగ అనిపించింది ఇదే. పీకింగ్ కూడా తన ఇంజనీరింగ్‌ను చింగ్‌హ్వాకు వదులుకుంది, నగరం నడిబొడ్డున ఉన్న పాత చోటు ఖాళీ చేసి యెన్‌చింగ్ ఆవరణలోకి వచ్చింది. అందుకే “యెన్‌చింగ్ పీకింగ్‌లో కలిసిపోయింది” అని ఎక్కడైనా చదివితే సగమే నమ్మండి.

పేరు మాత్రం అమెరికాలో మిగిలింది. ఆసియా చదువులకు సాయం చేసే హార్వర్డ్-యెన్‌చింగ్ ఇన్‌స్టిట్యూట్ 1928 నుంచి ఇప్పటికీ నడుస్తోంది. దాని మూలధనం అల్యూమినియం తీసే పద్ధతి కనిపెట్టిన చార్లెస్ మార్టిన్ హాల్ వదిలివెళ్లిన ఆస్తిలోంచి వచ్చింది, అదీ అమెరికాలోనే ఉండిపోయింది.

మీ తాతయ్య