కెరీర్ ఫెయిర్ రెజ్యూమే: బూత్‌ దగ్గర నిలబడేవాడి అపోహలు - వాస్తవాలు లిస్టు

సెప్టెంబర్ వచ్చిందంటే అమెరికా యూనివర్సిటీల్లో ఫాల్ కెరీర్ ఫెయిర్ల సీజన్, అంటే కంపెనీలు క్యాంపస్‌కి వచ్చి బూత్‌లు పెట్టి ఉద్యోగాలకి స్టూడెంట్లని వెతుక్కునే మేళాలు. మా కంపెనీ తరఫున బూత్‌లో నిలబడే ఇంజనీర్లలో నేనూ ఒకణ్ణి. ఎంఎస్‌కి వచ్చిన మన పిల్లలు లైన్లో బాగానే కనిపిస్తారు, తెలివికి లోటేం లేదు గానీ వాట్సాప్ గ్రూప్‌లో సీనియర్ ఎవరో చెప్పింది నమ్మేసి రెజ్యూమే చెడగొట్టుకుని వస్తారు.

అపోహ: ఏటీఎస్ (కంపెనీలు అప్లికేషన్లు సర్దుకునే సాఫ్ట్‌వేర్) స్కోర్ 90 దాటకపోతే మెషీనే రిజెక్ట్ చేసేస్తుంది.

అన్ని కంపెనీలకీ పనికొచ్చే స్కోర్ అంటూ ఏదీ లేదండీ. రెజ్యూమేకి స్కోర్ ఇస్తామనే సైట్లు వాటి లెక్కలేవో వేసి ఒక నంబర్ చూపించి, పెంచుకోవాలంటే డబ్బులు కట్టమంటాయి. కొన్ని కంపెనీల సిస్టమ్స్‌లో మ్యాచింగ్ లాంటివి ఉన్నా, బయట మీరు చూసిన నంబర్‌కీ దానికీ సంబంధం లేదు. ఆటోమేటిక్‌గా పక్కన పెట్టేది ఎక్కువగా ఫారంలో మీరిచ్చే జవాబుల వల్లే, అంటే డిగ్రీ ఎప్పుడు అవుతుంది, స్పాన్సర్‌షిప్ (మీ వర్క్ వీసాకి కంపెనీ అప్లై చెయ్యడం) కావాలా లాంటివి. తెల్ల ఫాంట్‌లో కీవర్డ్స్ దాచే పని మాత్రం చెయ్యొద్దు, టెక్స్ట్ బయటికి తీస్తే అన్నీ కనిపిస్తాయి. మీ పీడీఎఫ్ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి, వరుసగా చదవగలిగితే చాలు. రెండు కాలమ్స్ టెంప్లేట్లు అక్కడే కలగాపులగం అవుతాయి. అయినా ఫెయిర్‌లో చదివేది మనిషి, అదీ మీరు మాట్లాడుతుండగా ఒక కన్నేసి.

అపోహ: ఎక్స్‌పీరియెన్స్ లేకపోతే ఎవరూ తీసుకోరు, రెండు మూడేళ్ళు పెట్టేసుకో.

దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఫెయిర్‌కి వచ్చే కంపెనీలు వెతికేదే ఇంటర్న్‌లనీ న్యూ గ్రాడ్‌లనీ, వాళ్ళ దగ్గర మూడేళ్ళ ఎక్స్‌పీరియెన్స్ చూపిస్తే ఆ రోల్‌కి మీరు సరిపోరని వాళ్ళే పక్కన పెట్టొచ్చు. పైగా బీటెక్ ఫుల్‌టైమ్ చదువుతున్న సంవత్సరాల్లోనే హైదరాబాద్‌లో ఫుల్‌టైమ్ డెవలపర్ అని రాసుంటుంది, తేదీలు పక్కపక్కనే పెట్టుకుని చదివేవాళ్ళకి ఆ మాత్రం తెలీదా. ప్రొడక్షన్‌లో ఏది పగిలింది, ఎలా సరిచేశారు అని అడిగితే మాట ఆగిపోతుంది. ఇవన్నీ దాటినా బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో పట్టుబడితే ఆఫర్ పోతుంది, వీసా మీద ఉన్నవాళ్ళకి ఆ మచ్చ అంత తేలిగ్గా పోదు.

క్యాంపస్ డైనింగ్‌లో చేసే పని రాయడానికి మాత్రం సిగ్గు. ఎందుకు? సెమిస్టర్‌లో వారానికి 20 గంటల లోపు క్యాంపస్ ఉద్యోగం చేస్తూ, షిఫ్ట్‌లో కొత్తవాళ్ళకి పని నేర్పిస్తూ, కోర్సులు లాక్కొచ్చారంటే నాకది నిజమైన ఎక్స్‌పీరియెన్స్. రెండు లైన్లు చాలు.

అపోహ: స్పాన్సర్‌షిప్ సంగతి దాచాలి.

రెజ్యూమే మీద వీసా స్టేటస్ రాయక్కర్లేదు, గ్రాడ్యుయేషన్ నెల, సంవత్సరం ఉంటే చాలు. కానీ ఫారంలో "ఇప్పుడు గానీ ముందు ముందు గానీ స్పాన్సర్‌షిప్ కావాలా" అని ఉంటే నిజమే చెప్పండి. బూత్‌లో అడిగితే నసగకుండా ఒకే మాటలో: ఓపీటీ (చదువుకి సంబంధించిన పని చేసుకోవడానికి స్టూడెంట్ వీసా మీదే ఇచ్చే అనుమతి) 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) డిగ్రీ కాబట్టి ఇంకో 24 నెలలు, ఆ 24 నెలలకి కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగికి పని చేసే అర్హత ఉందో లేదో చూసే ప్రభుత్వ సిస్టమ్) ఉండాలి. ఇది తెలియని రిక్రూటర్లు కూడా ఉంటారు, మీరు స్పష్టంగా చెప్తే వాళ్ళకే సాయం. డిఫెన్స్ కంపెనీల్లో చాలా రోల్స్‌కి సిటిజన్‌షిప్ అడుగుతారు, హ్యాండ్‌షేక్‌లో (కాలేజీలు స్టూడెంట్ల ఉద్యోగాలకి వాడే సైట్) ముందే చూసుకోండి, గంటసేపు లైన్లో నిలబడ్డాక తెలిస్తే ఉసూరుమంటుంది.

అపోహ: "పర్ఫార్మెన్స్ 40% పెంచాను" లాంటి నంబర్లు ప్రతి లైన్లో ఉండాలి.

నేను అడిగేది ఒక్కటే, ఎంత నుంచి ఎంతకి? కొలవకపోతే నంబర్ వెయ్యొద్దు. టైటానిక్ డేటాసెట్ (ఓడలో ఎవరు బతికారో అంచనా వేసే, మెషీన్ లెర్నింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్ళందరూ చేసేది) ప్రాజెక్ట్ మీ ముందూ వెనకా నిలబడ్డవాళ్ళ దగ్గర కూడా ఉంటుంది, టీమ్‌లో మీరు రాసిన ముక్క ఏదో అది రాయండి.

అపోహ: ఫెయిర్‌లో కూడా ఆన్‌లైన్‌లోనే అప్లై చెయ్యమంటారు, ఇక వెళ్ళడం దండగ.

ముందు రోజే అప్లై చేసి జాబ్ ఐడీ పట్టుకుని రండి. నచ్చితే పేపర్ మీద నోట్ రాసుకుంటాం, సాయంత్రం సిస్టమ్‌లో మీ పేరు వెతుకుతాం. ఇక్కడ మనవాళ్ళకో ప్రత్యేకమైన తిప్పలు. పాస్‌పోర్ట్‌లో పేరంతా సర్‌నేమ్ గడిలోకి వెళ్ళి వీసాలో ఫస్ట్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది, రెజ్యూమే మీద ఒక పేరు, ఫారంలో ఇంకో పేరు, మాకు దొరకరు. వాడుక పేరు పెట్టుకున్నా తప్పులేదు, రెండు చోట్లా ఒకటే ఉండాలి.

ఇక చిన్నవి. ఫొటో, పుట్టినతేదీ, నాన్నగారి పేరు తీసెయ్యండి, ఇది పెళ్ళి బయోడేటా కాదు. చివర్లో డిక్లరేషన్, సంతకం కూడా అక్కర్లేదు. టెన్త్, ఇంటర్ మార్కులు వద్దు. బీటెక్ 8.2/10 అయితే అలాగే వెయ్యండి, సొంతంగా అమెరికా వాళ్ళ 4 పాయింట్ల జీపీఏ స్కేల్‌కి మార్చొద్దు. ఫ్రెషర్‌కి ఒక్క పేజీ. ప్రింట్ తీసేముందు పేజీ సైజ్ ఏ4 నుంచి లెటర్‌కి, అంటే 8.5 × 11 అంగుళాలకి మార్చుకోండి, లేదంటే లెటర్ పేపర్ మీద కింద లైన్ తెగిపోవచ్చు.