చేతి గడియారంలో 10.9, కళింగలో 11.3: సరిహద్దు జిల్లాల స్ప్రింటర్ల టైమింగ్ వెనక కథ

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు కాలేజీల్లో చలికాలం ఆటల పోటీలు మొదలైతే 100 మీటర్ల పందెం చుట్టూ ఒకటే సందడి. ఎక్కడో ఒక డిగ్రీ కుర్రాడు 10.9 కొట్టాడని కబురొస్తుంది. ఫొటోలు ఫోన్లలో తిరుగుతాయి, ఆటలు నేర్పే పీడీ గారికి అభినందనలు వస్తాయి. రెండు నెలలు తిరక్కుండా అదే కుర్రాడు భువనేశ్వర్ కళింగ స్టేడియంలో పరిగెత్తితే బోర్డు మీద 11.3 పడుతుంది. 'పెద్ద గ్రౌండు చూసి బెదిరిపోయాడు' అంటారు. ఇంట్లోవాళ్ళూ అదే నమ్ముతారు. కుర్రాడు అందరికంటే గట్టిగా నమ్మి, వేసవికల్లా స్పైక్స్ (మేకుల బూట్లు) మూల పడేసి పోలీసు సెలక్షన్ల గుంపులో చేరతాడు.

చాలాసార్లు ఆ కుర్రాడి పరుగు ఏమీ తగ్గలేదు. రెండుచోట్లా ఒకే వేగంతో వచ్చాడు, గడియారం మారిందంతే. ఈ చిన్న సంగతి తెలియక ఆటకు దూరమైనవాళ్ళు సరిహద్దుకు ఇరువైపులా ఉన్నారు. అది తలుచుకుంటే బాధగా ఉంటుంది.

మట్టి గ్రౌండులో పందెం ఎలా నడుస్తుందో చూద్దాం. స్టార్టర్ విజిల్ ఊదుతాడు. స్టాప్‌వాచీలు పట్టుకున్నవాళ్ళు 100 మీటర్ల అవతల, ఫినిషింగ్ గీత దగ్గర నిలబడి ఉంటారు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. అంటే విజిల్ వాళ్ళ చెవిన పడేసరికే 0.29 సెకను గడిచిపోయింది. విన్నాక బొటనవేలు మీట నొక్కడానికి ఇంకో 0.2 పడుతుంది. కుర్రాడు స్టార్టర్ పక్కనే ఉన్నాడు కాబట్టి ఎప్పుడో కదిలాడు. ఫినిషింగ్ దగ్గర ఈ ఆలస్యం ఉండదు. మనిషి వస్తున్నది కళ్ళారా చూస్తూనే ఉంటారు గనుక ఛాతీ గీతను తాకేసరికి సరిగ్గా నొక్కేస్తారు. మొదట్లో పోయిన అర సెకను పోయినట్టే. ఆ 10.9 అసలు 11.3, 11.4 మధ్యది.

అందుకే టైమ్ కీపర్లు చప్పుడు విని కాకుండా పిస్టల్ పొగ చూసి నొక్కాలని నియమం పెట్టారు. పిస్టల్ బదులు రెండు చెక్కలు కొట్టే క్లాపర్ వాడితే ఆ చెక్కలు కలిసే క్షణం కంటికి కనపడాలి. అంత పద్ధతిగా తీసినా మనిషి చేతికి కొంత ఆలస్యం ఉంటుంది. చేతి టైమింగ్‌ను ఎలక్ట్రానిక్ టైమింగ్‌తో పోల్చాలంటే 100, 200 మీటర్లకు 0.24, 400 మీటర్లకు 0.14 కలపడం ఆనవాయితీ. ఆ లెక్కన నిఖార్సయిన 10.9 కూడా 11.14 అవుతుంది. ఒక్కొక్కరికి ముగ్గురు టైమ్ కీపర్లుంటే మధ్య అంకె తీసుకోవాలి, ఇద్దరే ఉంటే ఎక్కువ ఉన్నది తీసుకోవాలి. వాచీలో 10.91 ఉంటే 11.0 అని రాయాలి, 10.9 అని కాదు. మన దగ్గర మైకులో చదివేది మాత్రం అన్నిటికంటే తక్కువ అంకె. పిల్లవాడి మీద ప్రేమతోనే అలా చదువుతారు, ఆ ప్రేమే తర్వాత వాడి కొంప ముంచుతుంది.

దూరం సంగతి కూడా ఉంది. పాత గుడ్డ టేపు సాగుతుంది, తాడు మధ్యలో కుంగుతుంది. ఒక్క మీటరు తేడా వస్తే 0.1 సెకను తేడా వచ్చినట్టే. సున్నంతో గీసే గీత వెడల్పు 5 సెంటీమీటర్లు. స్టార్టింగ్ గీత దూరంలో కలుస్తుంది, ఫినిషింగ్ గీత కలవదు. స్టార్టింగ్ గీత వెనక అంచు నుంచి ఫినిషింగ్ గీత ముందు తగిలే అంచు దాకా కొలవాలి.

ఇక గాలి. వెనక నుంచి సెకనుకు 2.0 మీటర్ల గాలి వీస్తే 100 మీటర్లలో దాదాపు 0.1 సెకను కలిసొస్తుంది. అంతకు మించితే ఆ టైమింగ్ రికార్డుకు పనికిరాదు. గాలి కొలిచే పరికరాన్ని ఫినిషింగ్‌కు 50 మీటర్ల ఇవతల, ట్రాక్‌కు 2 మీటర్లలోపు, 1.22 మీటర్ల ఎత్తులో పెట్టి 10 సెకన్లు చూస్తారు. బరంపురానికి గోపాలపూర్ సముద్రం దగ్గరే. మధ్యాహ్నం దాటాక ఒడ్డు నుంచి లోపలికి గాలి లేస్తుంది. సాయంత్రం పెట్టిన ఫైనల్లో ఆ గాలి వీపుకు తగిలిందా, మొహానికి తగిలిందా అన్నది ఫలితాల కాగితం మీద ఎక్కడా ఉండదు.

గడియారం దెబ్బ తిన్నది చిన్న ఊళ్ళ పిల్లలు మాత్రమే కాదు. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి కథ ప్రతి కాలేజీ అథ్లెట్‌కూ తెలియాలి. 100 మీటర్ల హర్డిల్స్‌లో జాతీయ రికార్డు 13.38 ఒడిశాకు చెందిన అనురాధా బిస్వాల్ పేరున 2002 నుంచి ఉండేది. 2020 జనవరిలో మూడబిద్రిలో జరిగిన అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో జ్యోతి 13.03 పరిగెత్తింది. రికార్డుగా లెక్కలోకి రాలేదు. అక్కడ డోప్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేడు. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 13.09 వచ్చింది. గాలి 2.1 చూపించింది, అంటే హద్దుకు 0.1 ఎక్కువ. అదీ పోయింది. ఆ మే నెలలో సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 పరిగెత్తాక గానీ రికార్డు ఆమె పేరున పడలేదు. అంతకుముందు రెండుసార్లు ఆమె అంతకంటే వేగంగానే పరిగెత్తింది! 2023లో చెంగ్డూ ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78తో కంచు పతకం గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ పోటీలో దిగిన మొదటి భారతీయురాలైంది.

జ్యోతి చేతికి ఆ వేగం అందింది భువనేశ్వర్‌లోనే, రిలయన్స్ ఫౌండేషన్‌తో కలిసి ఒడిశా నడిపే హై పెర్ఫార్మెన్స్ సెంటర్లో, జేమ్స్ హిలియర్ శిక్షణలో. అంతకు కొన్నేళ్ళ ముందు ప్రయాణం ఎదురు దిశలో సాగింది. జాజ్‌పూర్ జిల్లా చేనేత ఇంటి అమ్మాయి ద్యుతీ చంద్ హైదరాబాద్ వచ్చి నాగపురి రమేశ్ దగ్గర సాధన చేసింది. 2018 ఆసియా క్రీడల్లో 100, 200 మీటర్లు రెంటిలో వెండి, 2021లో పాటియాలాలో 100 మీటర్లు 11.17. ఆమెకు ముందు 2000లో 11.38తో పి.టి. ఉష రికార్డు దాటిన రచితా మిస్త్రీ కూడా ఒడిశా మనిషే. ఆంధ్ర, ఒడిశాల స్ప్రింట్ చరిత్ర ఇలా ఒకదాని ఒడిలో ఒకటి పెరిగింది. ఆ రెంటి నడుమ రైలు దారిలో ఉన్న బరంపురం, రాయగడల నుంచి మాత్రం ఆ స్థాయి పేరు ఇంకా రాలేదు.

మగవాళ్ళ 100 మీటర్ల జాతీయ రికార్డు చూస్తే కదలిక ఎంత నెమ్మదో తెలుస్తుంది. 2005లో అనిల్ కుమార్ 10.30. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో హైదరాబాదీ అబ్దుల్ నజీబ్ ఖురేషీ అదే 10.30. 2016లో ఒడిశాకు చెందిన అమియా మల్లిక్ 10.26. 2023లో మణికంఠ హోబ్లిధార్ 10.23. 2025 మార్చిలో గురిందర్‌వీర్ సింగ్ 10.20, జూలైలో గ్రీసులో అనిమేశ్ కుజూర్ 10.18. ఇరవై ఏళ్ళకు తగ్గింది 0.12 సెకను. పారిస్ ఒలింపిక్స్ నేరుగా అర్హత 10.00.

అనిమేశ్ సంగతి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. ఛత్తీస్‌గఢ్ కుర్రాడు, బడిలో ఫుట్‌బాల్ ఆడేవాడు. స్ప్రింట్‌లోకి వచ్చిందే ఇంటర్ అయిపోయే వయసులో. భువనేశ్వర్ సెంటర్లో మార్టిన్ ఓవెన్స్ దగ్గర చేరి 22 ఏళ్ళకు ఈ స్థాయికొచ్చాడు. పద్దెనిమిదేళ్ళ డిగ్రీ కుర్రాడితో 'నీకు వయసు దాటిపోయింది' అనేవాళ్ళు ఈ ఉదాహరణ చూడాలి.

మరి మనవాళ్ళు ఆ సెంటర్ తలుపు దాకా ఎందుకు వెళ్ళలేకపోతున్నారు? రాయగడ నుంచి భువనేశ్వర్ వెళ్ళే హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పార్వతీపురం, విజయనగరం మీదుగా చుట్టు తిరిగి వెళ్తుంది. సొంత రాజధానికి పోవాలంటే పక్క రాష్ట్రం దాటాలి. కాబట్టి తెలుగు ఇళ్ళ పిల్లలు చాలామంది శ్రీకాకుళంలోనో విశాఖలోనో డిగ్రీ చేరతారు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు చిక్కు లేదు, చదివే యూనివర్సిటీ తరఫున దిగొచ్చు. రాష్ట్ర, జాతీయ పోటీల్లో మాత్రం సమాఖ్య దగ్గర నమోదైన రాష్ట్రం తరఫునే పరిగెత్తాలి. మారాలంటే పాత రాష్ట్ర సంఘం 'అభ్యంతరం లేదు' అని రాసివ్వాలి. ఈ కాగితం కోసం ఒక సీజను పోగొట్టుకోవడం తేలిక. డిగ్రీలో చేరిన నెలలోనే ఏ రాష్ట్రమో తేల్చుకుని నమోదు చూసుకోవాలి, జిల్లా పోటీలు ప్రకటించాక కాదు.

ఇక సాధన. తెల్లవారుజామున ఏ గ్రౌండుకు వెళ్ళినా 1600 మీటర్ల రౌండ్లు కొట్టేవాళ్ళే కనపడతారు. కానిస్టేబుల్ ఉద్యోగానికి అది అవసరం. ఆంధ్రలో ఆ పరీక్షకు జనరల్ పురుషులకు 100 మీటర్లు 15 సెకన్లలో వస్తే చాలు. స్ప్రింటర్ కూడా వాళ్ళతోపాటు రౌండ్లు కొడితే కాళ్ళు ఎప్పుడూ అలసటలోనే ఉంటాయి, పూర్తి వేగం ఎలా ఉంటుందో ఒంటికి తెలియకుండా పోతుంది. వారంలో ఒక రోజు 30 మీటర్లు ఆరుసార్లు బ్లాకుల (స్టార్టులో కాళ్ళు ఆనించి తన్నే పెడల్స్) నుంచి, మరో రోజు ముందే వేగం అందుకుని పరిగెత్తే 20 మీటర్ల ఫ్లయింగ్ పరుగులు నాలుగు, ఇంకో రోజు 120 మీటర్లు మూడు. ప్రతి 10 మీటర్లకు కనీసం ఒక నిమిషం విశ్రాంతి. 30 మీటర్లకు మూడు నిమిషాలు కూర్చుంటే చుట్టుపక్కలవాళ్ళు బద్ధకం అనుకుంటారు, అనుకోనివ్వండి.

బ్లాకుల్లో ముందు పెడల్ గీతకు రెండు పాదాల దూరం, వెనకది మూడు పాదాలు, అక్కడి నుంచి ఎవరికి వారు సర్దుకోవాలి. మట్టిలో మేకులు ఊడతాయి గనుక వెనక ఒకరు కాలితో తొక్కిపట్టాలి. బ్లాకు జారుతుందని భయమున్నవాడు గట్టిగా తన్నడు, లేచి నిలబడిపోతాడు. ఆ అలవాటు పెద్ద స్టేడియాల సింథటిక్ ట్రాక్ మీదకూ వెంట వస్తుంది. ఎలక్ట్రానిక్ స్టార్టులో తుపాకీ పేలిన 0.100 సెకనులోపు కదిలితే తప్పుడు స్టార్టు. 2010 నుంచి ఒక్క తప్పుకే బయటకు పంపుతున్నారు.

సొంత వేగం నిజంగా తెలుసుకోవడానికి సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోను చాలు. పరుగు గీతకు 20 మీటర్ల దూరంలో, వేగం కొలిచే 20 మీటర్ల జోను మధ్యకు ఎదురుగా ఫోను పెట్టండి. గీత మీదే కర్రలు పాతితే అడ్డం, అందుకని ఫోనుకు 18 మీటర్ల దగ్గర పాతండి, అప్పుడు కర్రల మధ్య దూరం కూడా 18 మీటర్లే ఉండాలి. 20 అని పాతితే కుర్రాడు 22 మీటర్లకు పైగా పరిగెత్తినట్టవుతుంది. ముందు 30 మీటర్లు వేగం అందుకుని జోనులోకి రావాలి. నడుము మొదటి కర్ర దాటిన ఫ్రేము నుంచి రెండో కర్ర దాటిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. 480 ఫ్రేములొస్తే 2.00 సెకన్లు, సెకనుకు 10 మీటర్లు. ఉసేన్ బోల్ట్ 2009లో బెర్లిన్‌లో 9.58 పరిగెత్తిన రోజు అందుకున్న గరిష్ఠ వేగం సెకనుకు 12.4 మీటర్లు. విజిల్, బొటనవేలు, మైకు ఏవీ ఈ అంకెలో వేలు పెట్టలేవు.

మొదటిసారి సింథటిక్ ఎక్కే రోజు పూర్తి వేగం వద్దు. మట్టికి అలవాటైన పిక్కలకు, తొడ వెనక కండరానికి ఆ ఎగదన్నుడు కొత్త. పోటీకి కనీసం పది రోజుల ముందు మూడు నాలుగు సార్లు దాని మీద పరిగెత్తాలి. సింథటిక్ మీద స్పైక్ మేకులు 9 మిల్లీమీటర్లు దాటకూడదు. మట్టి కోసం బిగించిన పొడుగు మేకులతో వెళ్ళినవాళ్ళను పందేనికి ముందు తనిఖీ చేసే కాల్ రూమ్‌లోనే ఆపేస్తారు.

భువనేశ్వర్‌లో 2017 ఆసియా అథ్లెటిక్స్ జరిగాయి, 2020లో మొదటి ఖేలో ఇండియా యూనివర్సిటీ క్రీడలు జరిగాయి. ఫొటో ఫినిష్ కెమెరా, స్టార్టు సెన్సర్, గాలి మీటరు, వాటిని నడిపే మనుషులు ఆ నగరంలో ఉన్నారు. బరంపురం అక్కడికి 170 కిలోమీటర్లు. డిసెంబరులో ఒక్క ఆదివారం ఆ సామాను ఒక వ్యానులో ఇటు వస్తే గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ కాలేజీల పిల్లలందరికీ రెండు దశాంశాల టైమింగ్, పక్కనే గాలి అంకె ఉన్న కాగితం ఒకటి చేతికందుతుంది.