పాత కంప్యూటర్లు: పొగ, బంగారం, బూజు - కొన్ని అపోహలు, వాస్తవాలు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీలో 386, 486 అనే ఆనాటి కంప్యూటర్లకు ర్యామ్ మార్చడంతో నా పని మొదలైంది. ఇప్పుడు అవే 386లు వెతుక్కుంటూ ఆదివారాలు ఎర్రగడ్డ అంగడిలో తిరుగుతున్నాను. నాలాంటి పిచ్చోళ్లం ఓ పది పదిహేను మందిమి పోగయ్యాం. నెలకోసారి మా మేడ మీద గదిలో కలుస్తాం. ఎవరో ఒకరు ఏదో ఒక డబ్బా మోసుకొస్తారు. చాయ్ తాగి విప్పుతాం. ఇన్నేళ్లలో నాకు తెలిసొచ్చింది ఒకటే: అటక మీద ముప్పై ఏళ్లు క్షేమంగా ఉన్న మిషన్ మన చేతికొచ్చిన మొదటి గంటలోనే పోతుంది. ఆత్రం అలాంటిది. దానికి తోడు కొన్ని గట్టి నమ్మకాలు కూడా ఉంటాయి.

అపోహ: స్విచ్ వేసి చూస్తే పనిచేస్తుందో లేదో తెలిసిపోతుంది

తెలిసిపోతుంది. కాకపోతే అంతకుముందు పనిచేసేదా అన్నది ఇక ఎప్పటికీ తెలియదు.

పోయినేడు ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, ఆన్ అయింది! బీప్ కూడా వచ్చింది!" అని ఒక అరుపు. పది నిమిషాలకు మళ్లీ ఫోన్. "అన్నా, తెల్లగా పొగ వస్తోంది, ఇల్లంతా కంపు." అతను కొన్నది ఒక బడి స్టోర్‌రూమ్‌లోంచి బయటపడ్డ బీబీసీ మైక్రో అనే బ్రిటిష్ కంప్యూటర్. బడుల్లో కంప్యూటర్ పరిచయం చేయడానికి 1984లో కేంద్రం 'క్లాస్' పథకం పెట్టినప్పుడు మన దేశానికి వచ్చిన మిషన్ అది. తర్వాత చండీగఢ్ పక్కన మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ 'యూనికార్న్' పేరుతో దాన్ని ఇక్కడే తయారుచేసింది.

ఆ పొగ ఎక్కడిదో చూడక్కర్లేదు, ఫోన్‌లోనే చెప్పొచ్చు. దాని పవర్ సప్లైలో కరెంటు లోపలికొచ్చే చోట రెండు చిన్న కెపాసిటర్లుంటాయి, పసుపు రంగు అద్దపు డొప్పలా. లోపల లోహం పూత పూసిన కాగితం, పైన ఎపాక్సీ. ఏళ్లు గడిచేకొద్దీ ఎపాక్సీ సన్నగా పగుళ్లిస్తుంది. వానాకాలం తేమ ఆ పగుళ్లలోంచి లోపలికి దిగుతుంది. ఓ రోజు నేరుగా 230 వోల్టులు తగిలేసరికి బుస్సుమంటుంది. నిజానికి ఆ కెపాసిటర్ పని కరెంటులో వచ్చే గరగరను వడకట్టడం వరకే. అది కాలిపోయినా మిషన్ చాలాసార్లు నడుస్తూనే ఉంటుంది. కోఠి గుజరాతీ గల్లీలో '0.1 మైక్రోఫారడ్, ఎక్స్2 రకం' అని అడిగితే ఇస్తారు. ఎక్స్2 అని దాని మీద రాసి ఉండాలి, మామూలుది వేయకూడదు. ఆ తమ్ముడి మిషన్ సాయంత్రానికల్లా బాగైంది. కంపు మాత్రం వారం దాకా పోలేదని వాళ్లమ్మగారు నన్నే తిట్టారు.

మరి ఏం చేయాలి? ముందు ప్లగ్ జోలికి పోకుండా మూత విప్పండి. కంటితో చూడండి, ముక్కుతో చూడండి. మన ఊళ్లో పవర్ సప్లై విప్పితే బల్లి కనిపించడం మామూలే. వెచ్చగా ఉంటుందని దూరి, రెండు తీగల మధ్య పడి ఎండిపోయి ఉంటుంది. ఒకసారి ఎండిన బల్లితో పాటు నాలుగు గుడ్లు కూడా దొరికాయి. స్విచ్ వేసుంటే ఆ బల్లే వైరు పని చేసేది.

తర్వాత పవర్ సప్లైని బోర్డు నుంచి విడదీసి ఒంటరిగా పరీక్షించండి. పాత ఎస్‌ఎంపీఎస్‌లు (అంటే ఈ పవర్ సప్లైలే) లోడు లేకుండా సరిగా నిలబడవు. అందుకని నేను కారు హెడ్‌లైట్ బల్బు ఒకటి తగిలిస్తాను. మల్టీమీటర్‌లో 5 వోల్టుల తీగ 4.75 నుంచి 5.25 మధ్య, 12 వోల్టుల తీగ 11.4 నుంచి 12.6 మధ్య చూపించాలి. అది చూశాకే బోర్డు సంగతి.

286, 386, 486 బోర్డుల్లో కీబోర్డ్ సాకెట్ దగ్గర పీపా ఆకారంలో ఒక బ్యాటరీ ఉంటుంది, సాధారణంగా నీలం రంగుది. అది నికెల్ కాడ్మియం. లోపలి క్షారం కారి, రాగి గీతల్ని పచ్చగా చిలుము పట్టించి తినేస్తుంది. ఇంట్లో అలాంటి బోర్డు ఉంటే ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు ఆ బ్యాటరీని కత్తిరించి రండి. కారి ఉంటే నిమ్మరసమో వెనిగరో బ్రష్‌తో రాయండి. నురుగు ఆగాక నీళ్లతో, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగండి. నిమ్మరసాన్ని అలాగే వదిలేస్తే అది ఇంకో తెగులు.

ఇంకొక్క మాట. సింక్లెయిర్ జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ అనే పాత చిన్న కంప్యూటర్‌కు 9 వోల్టుల అడాప్టర్ చాలనుకుని ఇంట్లో ఉన్నదేదో గుచ్చకండి. దాని పిన్ను మధ్యలో మైనస్ ఉంటుంది. ఇప్పటి అడాప్టర్లలో ఎక్కువ వాటికి మధ్యలో ప్లస్సే.

అపోహ: పాత కంప్యూటర్‌లో బోలెడు బంగారం ఉంటుంది

ఈ మాట కబాడీ వాళ్ల నోట పుట్టి, యూట్యూబ్‌లో పెరిగింది. బంగారం ఉన్న మాట నిజమే. కార్డుల అంచున మెరిసే కాళ్ల మీద, పాత సిరామిక్ ప్రాసెసర్ల పిన్నుల మీద ఉంటుంది. కానీ ఆ పూత మందం సాధారణంగా ఒక మైక్రాన్ లోపే. మన తల వెంట్రుక మందం అంతకు ఎన్నో రెట్లు. దాన్ని రాబట్టడానికి నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాలు కలుపుతారు. ఆ గోధుమ రంగు పొగ నేరుగా ఊపిరితిత్తులకు వెళ్తుంది. మిగిలిన ద్రవం మోరీలోకి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం రిజిస్టర్ చేసుకున్న రీసైక్లర్లే ఆ పని చేయాలి.

నాకు కడుపు మండేది ఇంకో విషయంలో. మంచి 486 బోర్డు నుంచి ప్రాసెసర్‌ను స్క్రూడ్రైవర్‌తో పెకిలించి చిప్‌ను కిలో లెక్కన, బోర్డును ఇంకో కిలో లెక్కన అమ్ముతారు. ఆ రెండూ కలిసి ఉన్నప్పుడు మాలాంటివాళ్లు ఇచ్చే డబ్బు అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఎర్రగడ్డలో ఒక చాచాకు ఇది అర్థమయ్యేలా చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. ఇప్పుడు బోర్డు దొరికితే పాత దినపత్రికలో చుట్టి నాకోసం పక్కన పెడతాడు. రేటు కూడా పెంచాడనుకోండి.

అపోహ: పసుపెక్కిన డబ్బాకు పెరాక్సైడ్ రాసి ఎండలో పెడితే కొత్తదైపోతుంది

తెల్లబడుతుంది, కొత్తది కాదు. ఆ ప్లాస్టిక్ పేరు ఏబీఎస్. ఎండ, వేడి, గాలిలోని ఆక్సిజన్ కలిసి దాని రంగు మారుస్తాయి. చీకట్లో పెట్టినవీ పసుపెక్కుతాయి. బ్యూటీ పార్లర్ వాళ్లు జుట్టుకు వాడే 12 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ క్రీమ్ రాసి ఎండలో పెడితే రంగు వెనక్కి వస్తుంది, కొన్నేళ్లకు మళ్లీ పోతుంది.

ఇంగ్లండ్ వాళ్ల వీడియోలు చూసి మనం చేస్తే ఇంకో చిక్కు ఉంది. వాళ్ల ఎండ వేరు, హైదరాబాద్ మే నెల ఎండ వేరు. నా మొదటి ప్రయత్నం మధ్యాహ్నం పన్నెండింటికి, మేడ మీద. అరగంటలో క్రీమ్ ఎండిపోయి, ఎండినచోట ఒక రంగు, తడి ఉన్నచోట ఒక రంగు. తీసి చూస్తే బొల్లి మచ్చల్లా ఉంది. ఇంకో కీబోర్డు మూత అప్పడంలా వంకర తిరిగింది. ఇప్పుడైతే పొద్దున ఎనిమిది నుంచి పది లోపు, ప్లాస్టిక్ కవర్ చుట్టి, పావుగంటకోసారి క్రీమ్ సర్ది పని ముగిస్తాను. చేతికి గ్లౌజులు తప్పనిసరి.

బోర్డును మాత్రం ఎండలో పెట్టకండి. పాత ఈప్రామ్ చిప్పుకు నడినెత్తిన గాజు కిటికీ ఉంటుంది. దాని మీది స్టిక్కర్ అందం కోసం అతికించింది కాదు. నేరుగా ఎండ తగిలితే వారం రోజుల్లో అందులోని ప్రోగ్రామ్ చెరిగిపోవచ్చని చిప్పుల డేటాషీట్లలోనే రాసుంటుంది. మురికిగా ఉందని స్టిక్కర్ పీకి, తళతళలాడేలా తుడిచి, కిటికీ పక్కన షోకేసులో పెట్టిన మహానుభావులు మాలో ఉన్నారు.

నన్నడిగితే పసుపు రంగును అలాగే వదిలేయమంటాను. మా గుంపులో సగం మంది ఒప్పుకోరు.

అపోహ: ప్లగ్ తీసేస్తే మానిటర్ లోపల చెయ్యి పెట్టొచ్చు

వద్దు. కలర్ పిక్చర్ ట్యూబ్‌కు పక్కనున్న రబ్బరు టోపీ కింద 20 వేల వోల్టులకు పైగా నడుస్తుంది. ప్లగ్ తీశాక కూడా ఆ ఛార్జ్ లోపల నిలిచి ఉండొచ్చు. ట్యూబ్ మెడ సన్నటి గాజు. ఒక దెబ్బ తగిలితే పగులుతుంది. ఈ పనికి వీధి చివర పాత టీవీ మెకానిక్‌ను పిలవండి. ఎల్‌ఓటీ (ఆ వేల వోల్టులు పుట్టించే ట్రాన్స్‌ఫార్మర్) అన్న మాట వినగానే ఆయన కళ్లు మెరుస్తాయి, నేను గ్యారంటీ.

అపోహ: ఫ్లాపీలన్నీ ఎప్పుడో పోయుంటాయి

ఎనభైల నాటి 360 కిలోబైట్ల పెద్ద ఫ్లాపీలు ఈరోజుకీ చక్కగా చదివించుకుంటాయి. తొంభైల చివర్లో చవగ్గా వచ్చిన 1.44 మెగాబైట్ల వాటితోనే నాకు ఎక్కువ తలనొప్పి. కాబట్టి పారేయకండి. అలాగని చేతికి రాగానే డ్రైవ్‌లోకి తోయకండి.

ముందు వెలుతురుకు పట్టి, మధ్యలో వేలితో తిప్పుతూ ఆ సందులోంచి చూడండి. తెల్లటి చుక్కలో, వలయాలో కనిపిస్తే అది బూజు. అలాగే పెడితే ఫ్లాపీ గీసుకుపోతుంది, బూజు హెడ్‌కు అంటుకుంటుంది, తర్వాత పెట్టే ప్రతి ఫ్లాపీకీ అది అంటువ్యాధి. డొప్ప అంచు జాగ్రత్తగా కత్తిరించి, డిస్క్ బయటకు తీసి ఐసోప్రొపైల్‌తో తుడిచి, ఆరాక వేరే మంచి డొప్పలో పెట్టి చదవాలి.

రైట్ ప్రొటెక్ట్ మర్చిపోవద్దు. పెద్ద ఫ్లాపీకి పక్కనున్న గంటు మూస్తే రక్షణ. చిన్న ఫ్లాపీకి రంధ్రం తెరిస్తే రక్షణ. ఒకదానికొకటి తిరకాసు. విండోస్ 95 నుంచి ఇంకో జబ్బుంది. రక్షణ లేని ఫ్లాపీని ఊరికే పెట్టి చూసినా దాని బూట్ సెక్టార్‌లో, అంటే ఫ్లాపీ మొట్టమొదటి భాగంలో, కొన్ని అక్షరాలు మార్చేస్తుంది. మనం ఏమీ రాయలేదనుకుంటాం, అది రాసేసి ఉంటుంది. అలాగే 1.2 మెగాబైట్ల డ్రైవ్ 360 ఫ్లాపీని చదువుతుంది గానీ, దానిమీద రాస్తే సగం వెడల్పు ట్రాకులో రాస్తుంది. ఆ తర్వాత అసలు 360 డ్రైవ్ తెల్లమొహం వేయొచ్చు. మేం గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డుతో ఫ్లాపీ మీది అయస్కాంతపు గుర్తుల్నే నేరుగా కాపీ చేసుకుంటాం. ఫైళ్ల సంగతి తీరిగ్గా చూసుకోవచ్చు.

చదివాక కూడా పని అయిపోదు. చిక్కడపల్లి నుంచి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు తన పుస్తకం డీటీపీ చేయించిన ఫ్లాపీలు తెచ్చారు. ఏడింటిలో ఆరు చదివింది. ఫైలు తెరిస్తే ఇంగ్లిషు అక్షరాల కలగాపులగం. "నా పద్యాలేవి నాయనా?" అన్నారు. పద్యాలు ఉన్నాయి, అక్షరాలు లేవు. అన్ని భాషల అక్షరాలకూ ఒకే నంబర్ల పట్టిక అయిన యూనికోడ్‌లో తెలుగుకు చోటు 1991లోనే దొరికినా, విండోస్‌లో తెలుగు వచ్చింది 2001లో ఎక్స్‌పీతో. అప్పటిదాకా ఊళ్లోని డీటీపీ సెంటర్లలో ఏ కంపెనీ ఫాంటు వాడితే ఆ కంపెనీ లెక్క. 'క' తలకట్టుకు ఒక నంబరు, ఒత్తుకు ఒకటి. ఆ ఫాంటు ఉంటేనే చదవగలం. అదృష్టం కొద్దీ ఫాంటు ఏడో ఫ్లాపీలో ఉంది, బూజు పట్టిన దాంట్లో. కడిగి, ఆరబెట్టి, మూడోసారికి రాబట్టాం. మీ ఇంట్లో పాత డీటీపీ ఫైళ్లుంటే ఫాంట్లను కూడా పక్కనే దాచండి.

అపోహ: పాత సాఫ్ట్‌వేర్‌కు హక్కులుండవు, ఎవరైనా పంచుకోవచ్చు

మన చట్టంలో ప్రోగ్రామ్ కూడా సాహిత్య రచన కిందికే వస్తుంది. దుకాణంలో అమ్మడం మానేసినంత మాత్రాన హక్కు పోదు. కొందరు సొంతదార్లు తలుపు తెరిచారు. మైక్రోసాఫ్ట్ 2018లో ఎంఎస్-డాస్ 1.25, 2.0ల సోర్స్ కోడ్‌ను, 2024లో 4.0ది ఓపెన్ లైసెన్స్ కింద ఇచ్చేసింది. అలా ఇవ్వనివాటి విషయంలో మా మేడ మీద రూలు: నీ డబ్బాతో వచ్చింది నీ డబ్బాలోనే.

అపోహ: హైదరాబాద్‌కు కంప్యూటర్ హైటెక్ సిటీతో వచ్చింది

సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998లో. ఇక్కడి ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ పుట్టింది 1967లో. రెండేళ్లకే, 1969లో, ఈసీఐఎల్ టీడీసీ-12 అనే కంప్యూటర్‌ను తయారుచేసింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. తర్వాత 312, 316 వచ్చాయి. ఏఎస్ రావు నగర్‌లో ఫ్లాట్ కొనుక్కున్న ఐటీ పిల్లల్లో ఎందరికి తెలుసో గానీ, ఆ ఏఎస్ రావుగారు ఈసీఐఎల్‌ను నిలబెట్టిన మనిషి.

ఆ కాలపు మిషన్ దొరుకుతుందని మేం చాలా తిరిగాం. అల్మారా అంత ఉండే వాటిని ఎవరూ ఇంటికి తీసుకెళ్లరు కదా. మేం మిషన్ కోసం వెతుకుతూ కాగితాల్ని పట్టించుకోలేదు. మాన్యువళ్లు, సర్క్యూట్ డ్రాయింగులు రిటైరైన వాళ్ల ట్రంకుపెట్టెల్లో ఉంటాయి. ఇల్లు మారినప్పుడల్లా కొన్ని కిలోల లెక్కన పోతాయి.

మొన్న కుషాయిగూడలో ఒక పాత మానిటర్ ఇస్తామంటే వెళ్లాం. మానిటర్ పగిలిపోయి ఉంది. ఆ ఇంటి పెద్దావిడ చాయ్ ఇస్తూ, పాలవాడి లెక్క చూసుకోవడానికి వంటింటి మేకుకు గుచ్చిన అట్టముక్కలు తీశారు. నేను కప్పు కింద పెట్టేశాను. 80 నిలువు వరసల పంచ్ కార్డులు! "మా ఆయన ఆఫీసు నుంచి తెచ్చేవారు బాబూ, గట్టి కాగితం కదా" అన్నారు. ఒకవైపు పై అంచున సన్నటి అక్షరాల్లో ఫోర్ట్రాన్ వరస, రెండోవైపు పెన్సిల్‌తో 'ఉప్మా రవ్వ 1 కేజీ, కందిపప్పు 2'. అలాంటి కట్ట మూడంగుళాల ఎత్తుంది. ఇస్తారా అని అడిగితే, పాల లెక్క ఉన్నవి నాలుగు మాత్రం తీసుకుని మిగతావి ఇచ్చారు. ఇప్పుడు రెండు వైపులా స్కాన్ చేస్తున్నాం.