వా పెడల్‌కు ఏ ట్రాన్సిస్టర్ పెట్టాలి?

కాలితో తొక్కుతుంటే గిటార్ శబ్దాన్ని ‘వా’ అన్నట్టు మార్చే వా పెడల్ సొంతంగా కట్టుకుందామని సర్క్యూట్ బొమ్మ తీస్తే ఎంపీఎస్ఏ 18 అనో, బీసీ 109 అనో రాసి ఉంటుంది. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో టీవీ రిపేరు దుకాణంలో ఆ పేర్లు చెబితే దొరకడం కష్టం. బీసీ 547 అడిగితే వెంటనే తీసిస్తారు. చర్చిలోనో పెళ్లి ఆర్కెస్ట్రాలోనో వాయించే కుర్రాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు, లేకపోతే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీకి బస్సెక్కుతారు. నా ఉద్దేశంలో ఆ ప్రయాణం అవసరం లేదు. చూడాల్సింది ట్రాన్సిస్టర్ పేరు కాదు, దాని గెయిన్, అంటే అది కరెంటును ఎన్ని రెట్లు పెంచుతుందన్న లెక్క.

కారణం తెలియాలంటే పెడల్ లోపల జరిగేది చూడాలి. మనం ‘ఊ’ నుంచి ‘ఆ’కు నోరు తెరుస్తూ పోతే గొంతు స్థాయి మారకుండానే శబ్దం రంగు మారుతుంది. నోటి ఆకారాన్ని బట్టి ఏ పౌనఃపున్యాలు గట్టిగా వినిపించాలో మారుతుంది కాబట్టి. వా పెడల్ గిటార్ శబ్దానికి చేసేదీ ఇదే. అమెరికాలోని థామస్ ఆర్గాన్ కంపెనీలో 1966లో బ్రాడ్ ప్లంకెట్ అనే ఇంజనీరు, ఆంప్లిఫయర్‌లో ఉన్న స్వరం మార్చే స్విచ్ స్థానంలో తిప్పే కంట్రోల్ పెట్టబోయి ఈ గుణాన్ని పట్టుకున్నాడు. ఆర్గాన్ వాల్యూమ్ పెడల్‌లో దాన్ని అమర్చగానే కాలితో నడిచే వా పుట్టింది.

సర్క్యూట్‌లో అరహెన్రీ కాయిల్, 10 నానోఫారడ్ కెపాసిటర్ కలిసి ఒక శిఖరాన్ని, అంటే మిగతావాటికన్నా గట్టిగా వినిపించే పౌనఃపున్యాన్ని, తయారుచేస్తాయి. ఆ రెండే ఉంటే శిఖరం దాదాపు 2250 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మొదటి ట్రాన్సిస్టర్ సిగ్నల్‌ను పెంచి తలకిందులు చేస్తుంది. పెడల్‌కు తగిలించిన పాట్, అంటే తిప్పే కంట్రోల్, అందులో కొంత భాగాన్ని రెండో ట్రాన్సిస్టర్‌కు ఇస్తుంది. అది దాన్ని కెపాసిటర్ రెండో కాలికి చేరుస్తుంది. ఒక కాలి దగ్గర వోల్టేజి పెరిగితే రెండో కాలి దగ్గర అంతకు ఎన్నో రెట్లు తగ్గుతుంది. దాంతో ఆ చిన్న కెపాసిటర్ తనకన్నా ఇరవై, ముప్పై రెట్లు పెద్దదానిలా పనిచేస్తుంది, శిఖరం 450 హెర్ట్జ్ దాకా దిగుతుంది. రెండే ట్రాన్సిస్టర్లతో ఇంత పని సాధించిన ఆ ఆలోచన నాకు ఇప్పటికీ అబ్బురమే.

ఇక గెయిన్ సంగతి. ట్రాన్సిస్టర్‌కు మూడు కాళ్లు: బేస్, ఎమిటర్, కలెక్టర్. మొదటి ట్రాన్సిస్టర్ బేస్ కాయిల్‌కు దాదాపు నేరుగా తగిలి ఉంటుంది. కాయిల్‌కు సమాంతరంగా 33 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. శిఖరం ఎంత పదునుగా ఉండాలో ముఖ్యంగా నిర్ణయించేది అదే. ట్రాన్సిస్టర్ బేస్ కూడా దాని పక్కనే ఇంకో రెసిస్టర్‌లా కూర్చుంటుంది. ఎమిటర్ దగ్గర ఉన్న 390 ఓమ్‌లు, ట్రాన్సిస్టర్ సొంత నిరోధం 130 ఓమ్‌లు కలిపి 520 అనుకుందాం. బేస్ వైపు నుంచి చూస్తే ఆ 520 గెయిన్ అన్ని రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. గెయిన్ 400 అయితే కనిపించేది 208 కిలో ఓమ్‌లు. మిగతా భారాలను పక్కన పెడితే, 33తో సమాంతరంగా కలిసి అది 28.5 అవుతుంది. గెయిన్ 100 అయితే 52 కిలో ఓమ్‌లే, కలిపితే 20. శిఖరం చదునై, వా మూగబోతుంది. గెయిన్ 900 పెట్టినా కలిపిన విలువ 31 దాటదు. అంటే 100 నుంచి 400కు వెళ్తే చెవికి తేడా తెలుస్తుంది, 400 నుంచి 900కు వెళ్తే పెద్దగా తెలియదు. ఎంపీఎస్ఏ 18 కోసం పరేషాన్ కానక్కర్లేదని నేననడానికి ఈ లెక్కే ఆధారం.

బీసీ 547 వెనక ఉన్న అక్షరం చూసి కొనండి. ఏ అయితే 110 నుంచి 220, బీ అయితే 200 నుంచి 450, సీ అయితే 420 నుంచి 800. బీసీ 549సీకి గెయిన్ అంతే, బుసబుస మాత్రం తక్కువ. అది దొరికితే ఇంకేం కావాలి? 548కి, 547కి ప్రధానమైన తేడా తట్టుకునే వోల్టేజిలోనే. 9 వోల్టుల బ్యాటరీకి ఆ తేడాతో పనిలేదు. పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో ఆంప్లిఫయర్ ప్రయోగానికి వాడే బీసీ 107 కూడా బీసీ 109 కుటుంబంలోదే, బీ రకమైతే నిశ్చింతగా పెట్టొచ్చు. ల్యాబుల్లోనే కనిపించే ఎస్ఎల్ 100 మాత్రం వద్దు. ఎక్కువ కరెంటు పనులకు చేసింది అది.

మల్టీమీటర్‌లో గెయిన్ కొలిచే సాకెట్ ఉంటే ఒక్కొక్కటీ పెట్టి చూడండి. చవక మీటర్లు బేస్‌కు దాదాపు 10 మైక్రో ఆంపియర్లు ఇస్తాయి. గెయిన్ 400 అయితే కలెక్టర్‌లో 4 మిల్లీ ఆంపియర్లు పారుతున్నప్పటి లెక్క అది. వా పెడల్‌లో పారేది 0.2 మిల్లీ ఆంపియర్లే. తక్కువ కరెంటు దగ్గర కొన్ని ట్రాన్సిస్టర్ల గెయిన్ పడిపోతుంది కాబట్టి మీటరు అంకెను కొంచెం తగ్గించుకుని చదవాలి.

రెండో ట్రాన్సిస్టర్‌కు ఈ పట్టింపు లేదు. దాని ఎమిటర్‌లో 10 కిలో ఓమ్‌లు ఉంటాయి కాబట్టి గెయిన్ 100 ఉన్నా బేస్ వైపు 10 లక్షల ఓమ్‌లు కనిపిస్తాయి. మంచిది ఒక్కటే దొరికితే దాన్ని మొదటి స్థానంలో పెట్టండి. ఒక్కటీ దొరక్కపోతే 33 కిలో ఓమ్‌ల రెసిస్టర్ తీసి 68 పెట్టండి. గెయిన్ 100 ఉన్న ట్రాన్సిస్టర్‌తోనూ కలిపిన విలువ మళ్లీ 29 దాకా వస్తుంది, పోయిన పదును తిరిగొస్తుంది.

కాళ్ల వరుస ఒక్కటి మరవొద్దు. చదును ముఖం మనవైపు, కాళ్లు కిందికి పెట్టి పట్టుకుంటే బీసీ 547కి ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. ఎంపీఎస్ఏ 18కి ఎమిటర్, బేస్, కలెక్టర్. అందువల్ల ఎంపీఎస్ఏ 18 కోసం గీసిన బోర్డులో 547ను వెనక్కి తిప్పి పెట్టాలి. బీసీ 107, 109ల ఇనుప టోపీకి చిన్న నాలుక ఉంటుంది, దాని పక్క కాలు ఎమిటర్. ఆ టోపీ లోపల కలెక్టర్‌కు కలిసి ఉంటుంది, పెడల్ ఇనుప డబ్బాకు తగలనివ్వకండి.