పొద్దున లేచాక కీళ్లు ఎంతసేపు పట్టేస్తున్నాయి?

నడుము నొప్పి, కాలు లాగుడుతో బాధపడుతున్న 63 ఏళ్ల మహిళకు అమెరికాలో మూడు వారాల వ్యవధిలో పది సెంటర్లలో ఎమ్మారై తీశారు. వెన్ను అదే, నొప్పి అదే. పది రిపోర్టుల్లో కలిపి 49 రకాల లోపాలు రాశారు. వాటిలో పది రిపోర్టుల్లోనూ కనిపించింది ఒక్కటి కూడా లేదు. 2017లో అచ్చయిన ఈ అధ్యయనం తలచుకుంటే, హైదరాబాద్ ఆసుపత్రుల వరండాల్లో ఫిల్ముల కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లే నాకు గుర్తొస్తారు. ‘డిస్కు జరిగిందట’, ‘గుజ్జు అరిగిందట’, ‘నరం నొక్కుకుందట’. ఇంకో డాక్టరును అడగాలని ఉంటుంది, మొదటి డాక్టరు ఏమనుకుంటారోనని జంకు. ఆ జంకు అక్కర్లేదు. కష్టమైన కేసుల్లో డాక్టర్లు తామే సాటి డాక్టర్లను సంప్రదిస్తారు.

అలాగని ఎమ్మారైని కొట్టిపారేయలేం. కణితి, ఇన్‌ఫెక్షన్, వెన్ను టీబీ లాంటివి పట్టుకోవడానికి అది చాలా అవసరం. చిక్కేమిటంటే, ఏ నొప్పీ లేని మనిషి వెన్నులోనూ అది చాలాసార్లు ఏదో ఒక లోపం చూపిస్తుంది. నడుము నొప్పి లేని 3,110 మంది స్కాన్లను కలిపి 2015లో లెక్క తీశారు. ఇరవై ఏళ్లవాళ్లలోనే 30 శాతం మందికి డిస్కు, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు, ఉబ్బి ఉంది. ఎనభై ఏళ్లకు అది 84 శాతం. చాలామందిలో అది జుట్టు నెరవడం లాంటి మార్పే. కాబట్టి ఫిల్ములో కనిపించిందే నొప్పికి కారణమో కాదో ఫిల్ము ఒక్కటే తేల్చలేదు. రెండో అభిప్రాయానికి వెళ్తే వెంటనే ఇంకో స్కాన్ రాసే డాక్టరు కంటే, నొప్పి ఎలా మొదలైందో మొదటి నుంచి ఓపిగ్గా వినే డాక్టరు మేలు.

అలా వినే డాక్టరు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. పొద్దున లేచాక కీళ్లు ఎంతసేపు పట్టేస్తున్నాయి? అరుగుదల వల్ల వచ్చే బిగువు మామూలుగా అరగంటలోపే వదులుతుంది. నడిచినా మెట్లెక్కినా నొప్పి పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. కీళ్లవాతంలో (రుమటాయిడ్ ఆర్థరైటిస్) దీనికి తిరగబడి ఉంటుంది. గంట దాటినా వేళ్లు వంగవు, పిడికిలి బిగియదు, కుళాయి తిప్పాలన్నా కష్టమే. రెండు చేతుల కణుపులూ వాస్తాయి. శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ల పొర మీదే దాడి చేయడం వల్ల ఇలా జరుగుతుంది. వెన్నుకు సంబంధించి ఇలాంటిదే ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్. ఎక్కువగా నలభై ఐదేళ్లలోపే మొదలవుతుంది. తెల్లవారుజామున నొప్పికి మెలకువ వస్తుంది. లేచి తిరిగితే హాయిగా ఉంటుంది, విశ్రాంతి తీసుకుంటే తగ్గదు. మాదాపూర్‌లో ఐటీ ఉద్యోగం చేసే పాతికేళ్ల కుర్రాడికి ఇది వస్తే, ‘రోజంతా కుర్చీలో కూర్చుంటావు కదా’ అనేస్తారు అందరూ. జబ్బు పేరు తేలేసరికి చాలామందికి ఏళ్లు గడిచిపోతున్నాయి.

అందుకే ఎవరిని అడుగుతున్నామన్నది ముఖ్యం. ఆపరేషన్ కావాలా వద్దా అన్నది సందేహమైతే ఇంకో ఆర్థోపెడిక్ సర్జన్‌ను అడగడం సబబే. కీళ్లలో వాపు, పొద్దుటి బిగువు ఎక్కువగా ఉంటే మాత్రం కీళ్లవాతం లాంటి జబ్బులకు వైద్యం చేసే రుమటాలజిస్టు చూడాలి. పంజాగుట్ట నిమ్స్‌లో రుమటాలజీకి ప్రత్యేక విభాగం ఉంది. కీళ్లవాతానికి మొదటి కొన్ని నెలల్లోనే సరైన మందు పడితే కీళ్లు వంకరపోకుండా చాలావరకు కాపాడుకోవచ్చు. ఆ విలువైన నెలలు పెయిన్ కిల్లర్లతో, ఏముందో తెలియని పొడులతో గడిచిపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. అలాంటి పొడుల్లో కొన్నింటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. అది వాపును అణిచేసి జబ్బును దాచేస్తుంది. ఏం వాడారో రెండో డాక్టరుకు దాచకుండా చెప్పాలి. చాలాకాలం వాడిన స్టెరాయిడ్‌ను సొంతంగా ఒక్కసారిగా ఆపేయడం ప్రమాదం.

రక్తపరీక్షలకూ పరిమితులున్నాయి. కీళ్లవాతం కోసం చేసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ పరీక్ష ఏ జబ్బూ లేని కొందరికి పాజిటివ్ వస్తుంది, కీళ్లవాతం ఉన్న కొందరికి నెగెటివ్ వస్తుంది. కీళ్లలో యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే గౌట్ నొప్పి తీవ్రంగా ఉన్న రోజున కూడా రక్తంలో యూరిక్ యాసిడ్ మామూలుగానే ఉండొచ్చు. ఇక కండరాల నొప్పి అయితే థైరాయిడ్ తగ్గడం, డి విటమిన్ లోపం, కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్ మాత్రలు, వీటిని ముందు చూడాలి. చికున్‌గున్యా వచ్చి తగ్గినా కీళ్ల నొప్పులు నెలల తరబడి వేధిస్తాయని 2006లో మన ఊళ్లన్నీ చూశాయి.

వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితంతో పాటు ఫిల్ములు, సీడీ కూడా తీసుకెళ్లాలి. రెండో డాక్టరు వాటిని స్వయంగా చూడాలి. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య నియమావళిలోనే ఉంది, కాబట్టి అడగడానికి మొహమాటపడొద్దు. ముందు మీ నొప్పి గురించి చెప్పి, ఫైలు తర్వాత ఇవ్వడం మంచిదని నా అభిప్రాయం. మొదటి డాక్టరు పెట్టిన పేరు ముందే చెవిన పడితే ఆలోచన అటే మళ్లుతుంది. ‘ఇది కాకపోతే ఇంకేం అయ్యుండొచ్చు?’ అని తప్పకుండా అడగండి. ఇద్దరి మాటా కలవకపోతే, ఎందుకలా అనుకుంటున్నారో ఇద్దరినీ అడగండి. నలుగురైదుగురు డాక్టర్లను మార్చుకుంటూ పోతే ఏ మందూ పనిచేసేదాకా వాడినట్టు కాదు. కీళ్లవాతం మందులు పూర్తిగా పనిచేయడానికి వారాలు పడుతుంది.

అరుగుదలకు చేసే మోకాలి మార్పిడి ఆపరేషన్ కొన్ని వారాలు ఆగి చేయించుకున్నా మామూలుగా నష్టం ఉండదు. ‘ఈ వారమే చేయించుకోవాలి’ అని ఎవరైనా తొందరపెడితే కారణం అడగాల్సిందే. రెండో అభిప్రాయం కోసం ఆగకూడని సందర్భాలు వేరు. జ్వరంతో పాటు ఒక కీలు ఎర్రగా వాచి కదపలేకపోతున్నా, నడుము నొప్పితో కాళ్లలో బలం తగ్గుతున్నా, మూత్రం మీద అదుపు తప్పినా, మలద్వారం చుట్టూ స్పర్శ పోయినా గంటల్లో చికిత్స అందాలి. అప్పుడు దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెంటనే వెళ్లాలి, అర్ధరాత్రయినా సరే.