త్రీ నాట్ త్రీ: ముద్రలు, కర్ర చుట్టూ అపోహలు – వాస్తవాలు

పాత త్రీ నాట్ త్రీ (.303) రైఫిల్ చేతికొస్తే ముందు మేగజీన్ తీసి, బోల్టు వెనక్కి లాగి, తూటా కూర్చునే ఛాంబర్ ఖాళీయో కాదో కంటితోనూ వేలితోనూ చూడాలి. ముద్రల సంగతి ఆ తర్వాతే. ఇక్కడ చెప్పేది మన పోలీసుల చేతుల్లో దశాబ్దాలు నలిగిన ఆ రైఫిల్, ఎస్‌ఎమ్‌ఎల్‌ఈ మార్క్ 3 గురించి.

అపోహ: అన్ని తేదీలూ ఒకటి కాకపోతే నకిలీ.
వాస్తవం: బట్ సాకెట్ (వెనక కర్ర, అంటే బట్, బిగిసే ఇనుప భాగం) కుడివైపు, కిరీటం గుర్తు కింద ఉండే సంవత్సరం రిసీవర్‌ది, అంటే బోల్టు నడిచే ఇనుప చట్రానిది. అరిగిన బ్యారెల్‌ను ఆయుధశాలలోనే మార్చేవారు కాబట్టి దాని తేదీ వేరుగా ఉండటం మామూలే. బోల్టు హ్యాండిల్ వెనక నంబరు రిసీవర్‌తో కలవకపోతే మాత్రం తేలిగ్గా తీసుకోకండి, హెడ్‌స్పేస్‌ను (మూసిన బోల్టు ముఖానికీ తూటా ఆనే చోటికీ మధ్య ఎడం) గేజీతో కొలిపించాలి. నకిలీని పట్టించేవి వేరే. విక్టోరియా రాణి 1901లో పోయింది, మార్క్ 3 వచ్చింది 1907లో. దాని మీద ఆ రాణి ముద్ర 'వి.ఆర్.' ఉంటే, లేదా ఇంగ్లీషు ఎన్ తిరగబడి ఉంటే, అది ఖైబర్ కనుమ వైపు చేసిన నకిలీ. బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంవి అయితే పాతవాటి మీద జార్జి చక్రవర్తి ముద్ర 'జి.ఆర్.ఐ.', స్వాతంత్ర్యం తర్వాతివాటి మీద అశోక సింహాలు.

అపోహ: బట్ మీద 'ఎస్' అంటే స్నైపర్.
వాస్తవం: పొట్టి బట్, అంతే. 'ఎల్' పొడుగు, 'బి' మరీ పొట్టి. మామూలు కొలతకు అక్షరమే ఉండదు. (అమ్మేవాళ్లకు స్నైపర్ కథే ఇష్టం.)

అపోహ: బ్యారెల్ కింది ముందు కర్రకు అడ్డంగా స్క్రూ, పైన తీగ చుట్టు ఉంటే విరిగి అతికించినదే.
వాస్తవం: స్క్రూ కర్ర చీలకుండా ఇషాపూర్‌లో వేసిన బందోబస్తు. తీగ, గ్రెనేడ్ పేల్చే కప్పును మూతికి తగిలించి వాడే తుపాకులకు. అసలు పగుళ్లు లోపల, రిసీవర్ వెనక్కి తన్నే చోట ఉంటాయి. అక్కడ కర్ర నూనె పీల్చి నల్లబడి, గోటితో నొక్కితే మెత్తగా తగిలితే పని అయిపోయినట్టే.

చూడటానికి విప్పేటప్పుడు ముందు కర్రనే మొదట తీయాలి. బట్‌ను బిగించే బట్ బోల్టు కొస చతురస్రంగా ఉండి ముందు కర్ర వెనక కొసలోని పలకలో ఇరుక్కుని ఉంటుంది. ముందు కర్ర తీయకుండా ఆ బట్ బోల్టు తిప్పితే, వందేళ్లు నిలిచిన కర్ర చిటుక్కున చీలుతుంది.

అపోహ: సాండ్‌పేపర్ పట్టి వార్నిష్ వేస్తే విలువ పెరుగుతుంది.
వాస్తవం: తనిఖీ ముద్రలు చెరిగిపోతాయి, కర్ర ఇనుము కన్నా కిందికి దిగిపోతుంది. మురికి తుడిచి, అవిసె నూనె పలచగా రుద్ది, మిగిలింది తుడిచేయాలి.

అపోహ: పాతది కాబట్టి లైసెన్సు అక్కర్లేదు.
వాస్తవం: 1959 ఆయుధాల చట్టం మినహాయింపు మరమ్మతు చేసినా పేలనివాటికే.

అన్నట్టు, నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి. వేడెక్కి వాటంతట అవే అంటుకుంటాయి. నీళ్లలో తడిపి పారేయాలి.